తోకలు కుళ్ళిన మా గప్పీలని గట్టెక్కించిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

మా ఇంట్లో గప్పీలు, అంటే అక్వేరియంలో పెంచుకునే చిన్న రంగుల చేపలు, మళ్ళీ మేత డబ్బా చప్పుడుకే పైకి ఎగబడుతున్నాయి. ఈ మాట రాయగలుగుతున్నానంటే మా భీమవరంలో కొంతమంది చేసిన సాయం వల్లే. ఎదురుగా థాంక్స్ చెబితే "దీనికేముందండీ" అని కొట్టిపారేస్తున్నారు కాబట్టి అందరూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయొద్దని ఇద్దరు గట్టిగా చెప్పారు, అందుకని ఎవరి పేరూ పెట్టడం లేదు. చదివితే ఎవరికి వాళ్ళకి తెలిసిపోతుంది.

సంగతి ఇదీ. హాల్లో 60 లీటర్ల ట్యాంకు. అందులో మా అమ్మాయి పెంచుకునే ఎల్లో కోబ్రాలు, రెడ్ డ్రాగన్లు, ఒక జత నీలం మాస్కోలు. అన్నీ గప్పీల్లో రకాలే. మే నెలలో మా అపార్ట్‌మెంట్ సంపు కడిగి బ్లీచింగ్ దండిగా కొట్టారు. ఆ కబురు మా ఫ్లోర్ వాళ్ళెవరికీ చెప్పలేదు. మేం ఎప్పటిలాగే ట్యాంకులో నీళ్ళు మార్చాం, ఎప్పటిలాగే యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాం. అంత బ్లీచింగుకి ఆ చుక్కలు ఏ మూలకి? మర్నాటికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ తర్వాత మగ వాటి తోకలు అంచుల నుంచి అరగడం మొదలైంది. ముందు సన్నటి తెల్ల గీత, తర్వాత అంచు రాలిపోయి ఈనెలు మాత్రం దువ్వెన పళ్ళలా మిగలడం. పెద్ద కోబ్రా అయితే రెక్కలు ఒంటికి అంటించుకుని ఫిల్టర్ వెనక మూలన నిలబడిపోయింది.

మా అమ్మాయి టెన్షన్ చూసి పది మంది పది మందులు చెప్పారు. ఒక షాపులో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ క్యాప్సూళ్ళు విప్పి ట్యాంకంతా కలిపేయమన్నారు. ఇంకొకరు హీటర్ పెట్టి నీళ్ళు వేడెక్కించమన్నారు. భీమవరంలో, మే నెలలో, హీటరు! పసుపు వెయ్యమన్నవాళ్ళు కూడా ఉన్నారు, పాపం మంచి మనసుతోనే చెప్పారు.

మొదటి నమస్కారం మా వీధి చివరి మాస్టారికి. రిటైరైన లెక్కల మాస్టారు, ఎన్నో ఏళ్ళుగా గప్పీలు పెంచుతున్నారు. ఫోన్ చేసి తోకలు కుళ్ళుతున్నాయి ఏ మందు వెయ్యమంటారని అడిగితే "తోక సంగతి తర్వాతమ్మా, నీళ్ళెక్కడివి? ఎప్పుడు మార్చారు? ఈ మధ్య సంపులో ఏమన్నా కలిపారా?" అని వరసగా అడిగారు. సంపు కడిగిన విషయం మాకు వాచ్‌మన్ నోట తెలిసింది ఆ ప్రశ్న వల్లే. సాయంత్రానికి భూతద్దం, టార్చి పట్టుకుని ఇంటికే వచ్చేశారు.

ఆయన మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తోకలు ఎలా చూడాలో చూపించారు. అది మీక్కూడా చెప్పాలి. సర్పే టెట్రాల్లాంటి వాటితోనో, పోట్లాడుకునే మగ గప్పీలతోనో కలిసి ఉన్న చేప తోకని పక్క చేప కొరికితే అర్ధచంద్రాకారంలో ముక్క పోతుంది, అంచు శుభ్రంగా ఉంటుంది. వలలోనో ప్లాస్టిక్ మొక్కలోనో ఇరుక్కుంటే ఈనె వెంబడి నిలువుగా చీలుతుంది. ఈ రెండూ నీళ్ళు బాగుంటే మందు లేకుండానే మానతాయి. కుళ్ళు అలా కాదు. అంచు తెల్లగానో ఎర్రగానో మారి, ఎగుడుదిగుడుగా రాలుతూ రోజురోజుకీ తోక మొదలు వైపు పాకుతుంది. తోక మొదట ఉండే కండ దాకా వెళ్ళిందంటే ఇక ఆ తోక తిరిగి రాదు. అంతకు ముందే ఆగితే మళ్ళీ పెరుగుతుంది.

నాలుగోది కూడా వెతికారు. నోటి దగ్గరో వీపు మీదో దూదిలా తెల్లటి పట్టు ఉంటే కాలమ్నారిస్. చూడ్డానికి బూజులా ఉంటుంది కానీ అది బాక్టీరియా, పేరు ఫ్లేవోబాక్టీరియం కాలమ్నేర్. వేడి నీళ్ళలో అది మరింత జోరుగా పెరుగుతుంది. హీటర్ సలహా నిజానికి తెల్ల మచ్చల జబ్బుకి, అంటే ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలొచ్చే ఇక్‌కి చెప్పేది. ఒక జబ్బు వైద్యం ఇంకో జబ్బుకి పెడితే ఏమవుతుందో ఆలోచించుకోండి. మా వాటికి ఆ దూది లేదు, బతికిపోయాం.

అసలు జరిగిందేమిటో కూడా ఆయనే విడమరిచి చెప్పారు. బ్లీచింగులోని క్లోరిన్ మొప్పల్నీ తోక అంచుల్నీ నేరుగా కాలుస్తుంది. దాంతో పాటు ఫిల్టర్ స్పాంజిలో కాపురముండే మంచి బాక్టీరియాని చంపుతుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేది ఆ బాక్టీరియానే. అది పోతే అమ్మోనియా పేరుకుంటుంది. కాలిన అంచుల మీదికి ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటి చెడ్డ బాక్టీరియా ఎక్కుతాయి. అవి కొత్తగా ఎక్కణ్ణుంచో రావు, ఏ ట్యాంకులోనైనా ఉంటాయి, చేప నీరసించే దాకా కాచుకుని ఉంటాయి. ఇప్పుడు టెట్రాసైక్లిన్ కూడా పోస్తే మిగిలిన ఆ కాస్త మంచి బాక్టీరియా కూడా పోతుందన్నారు. "ముందు నీళ్ళు టెస్టు చేయించండి, తర్వాతే ఏదైనా" అని చెప్పి వెళ్ళారు.

భీమవరంలో ఉన్నందుకు గర్వపడిన సందర్భం ఇదే. రొయ్యల చెరువుల పుణ్యమా అని నీళ్ళ టెస్టుకి ఇక్కడ ల్యాబులకేం కొదవ? బాటిల్ పట్టుకుని ఒక ఆక్వా ల్యాబుకి వెళ్తే అక్కడి తమ్ముడు రిజిస్టరు తీసి "ఏ ఊరి చెరువండి? ఎన్ని ఎకరాలు? డీఓసీ ఎంత?" అని అడిగాడు. డీఓసీ అంటే చెరువులో పిల్ల వదిలి ఎన్ని రోజులైందని. 60 లీటర్లు, హాల్లో ఉంటుంది అన్నాను. రాయడం ఆపి నా మొహం చూసి, నవ్వాపుకుని, చెరువు విస్తీర్ణం గడిలో "గాజు" అని రాసుకున్నాడు. బెంచీ మీద నా వెనక కూర్చున్న రైతులు కూడా ఒక మాట సాయం చేశారు. "మేత ఆపేశారా లేదా? ముందు అదాపండి" అన్నాడు ఒక పెద్దాయన. తర్వాత మాస్టారు చెప్పిందీ అదే.

పీహెచ్ 8.2, అమ్మోనియా 1 పీపీఎం (అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము), నైట్రైట్ 0.5 పీపీఎం. కాగితం చేతికిచ్చి ఊరుకోకుండా ఆ తమ్ముడు చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. అమ్మోనియా అంతా ఒకలా విషం కాదట. పీహెచ్ 7 దగ్గర అందులో విషపు భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. 8.2 దాటి, నీళ్ళు 30 డిగ్రీలు ఉంటే అది పదో వంతుకి మించుతుంది. అంటే అదే 1 పీపీఎం ఎండాకాలంలో పది రెట్లకు పైగా ప్రమాదం. నైట్రైటేమో మొప్పల్లోంచి రక్తంలో చేరి ఆక్సిజన్ మోసే పని చెడగొడుతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచింది అందుకేనేమో అన్నాడు. ఉప్పులో ఉండే క్లోరైడ్ ఆ నైట్రైట్‌ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. గప్పీలకి ఉప్పు పడుతుంది కూడా అన్నాడు.

చెరువుల్లో అమ్మోనియాకి చల్లే జియోలైట్ గుళికలు ఓ గుప్పెడు పొట్లం కట్టి ఇస్తూ ఒక హెచ్చరిక చేశాడు. జియోలైట్, ఉప్పు ఒకే నీళ్ళలో వద్దు. ఉప్పు తగిలితే జియోలైట్ పట్టుకున్న అమ్మోనియాని మళ్ళీ వదిలేస్తుంది. అందుకని జియోలైట్ పెద్ద ట్యాంకులో, ఉప్పు జబ్బు చేపల్ని విడిగా పెట్టే టబ్బులో. ఈ ఒక్క మాట చెప్పకపోతే మేం రెండూ కలిపి పోసేవాళ్ళమే. డబ్బులు తీసుకోమంటే "గాజు చెరువుకి ఫీజు లేదండి" అన్నాడు. తమ్ముడూ, నీకు ఎంత చెప్పినా తక్కువే.

టబ్బు ఇచ్చింది పై ఫ్లోర్ పిన్నిగారు. ఆవకాయ కలపడానికి కొన్న కొత్త టబ్బు అది, ఇంకా కారం కూడా తగల్లేదు. "మళ్ళీ తేవక్కర్లేదులే అమ్మా" అన్నారు. అర్థమైంది. రాళ్ల ఉప్పు కూడా వాళ్ళింట్లోదే. కిరాణా కొట్టు బాబాయ్ తన చిన్న కాటా మీద 40 గ్రాముల పొట్లాలు కట్టిచ్చాడు. లీటరుకి 2 గ్రాముల లెక్కన 20 లీటర్లకి అంత. ఒకేసారి గుమ్మరించకుండా విడిగా కరిగించి, పూటంతా కొంచెం కొంచెంగా పోయమన్నారు మాస్టారు. రోజూ 5 లీటర్లు తీసి కొత్తవి పోసేటప్పుడు ఆ 5 లీటర్లకి సరిపడా 10 గ్రాములే కలపాలి, 40 కాదు. నీళ్ళు ఆవిరైతే మాత్రం ఉత్త నీళ్ళే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు కదా. లెక్కల మాస్టారు కదా, ఇది మా అమ్మాయి చేత నోటుబుక్కులో చేయించారు. టబ్బు మీద సీలింగ్ ఫ్యాను, లోపల ఎయిర్ పంపు. కరెంటు పోయిన రాత్రి కూడా పిన్నిగారబ్బాయి బ్యాటరీ పంపు తెచ్చి పెట్టాడు.

అన్నిటికన్నా విలువైన కానుక మాత్రం చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. మాస్టారు తన ట్యాంకులో ఏళ్ళుగా నడుస్తున్న స్పాంజి పిండి, ఆ గోధుమరంగు మడ్డి నీళ్ళు లీటరు బాటిల్‌లో పట్టుకొచ్చి మా ఫిల్టర్ మీద పోశారు. ఒకటే మురికి కంపు. మా ఆయన ముక్కు మూసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. అందులో ఉన్నదే బతికున్న బాక్టీరియా. ఖాళీ అయిన మా స్పాంజి మళ్ళీ నిండింది అలా. తర్వాత ల్యాబులో చూపిస్తే అమ్మోనియా దాదాపు లేదన్నారు, నైట్రైట్ ఇంకొన్నాళ్ళు ఆగి దిగింది.

ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివిన మా తమ్ముడి స్నేహితురాలికి కూడా రుణపడి ఉన్నాం. ఫొటోలు, వీడియోలు చూసి, రోగం ఆగుతుంటే యాంటీబయాటిక్ జోలికి వెళ్ళొద్దని ఆవిడ ధైర్యం చెప్పింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్‌ల ఆనవాళ్ళు దొరికితే ఎక్స్‌పోర్ట్ రొయ్యల సరుకు వెనక్కొస్తుందని ఇక్కడి రైతులకి బాగా తెలుసు. ఇంట్లో ట్యాంకుకి మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు లేరు, అందుకే ఇష్టమొచ్చినట్టు పోస్తారని ఆవిడ కోపం. న్యాయమైన కోపమే. చేతికి దెబ్బ ఉన్నప్పుడు ట్యాంకులో చెయ్యి పెట్టొద్దనీ, పని అయ్యాక సబ్బుతో కడుక్కోమనీ కూడా చెప్పింది. మైకోబాక్టీరియం మెరైనమ్ అనేది చేపల నుంచి మన చర్మానికి అంటుకోగలదట.

అన్నీ దక్కలేదు. పెద్ద కోబ్రా పోయింది, రెడ్ డ్రాగన్లలో కొన్ని పోయాయి. కోబ్రా తోక కుళ్ళు అప్పటికే మొదలు దాకా వెళ్ళిపోయిందని మాస్టారు మొదటి రోజే మెల్లగా చెప్పి ఉంచారు. అంత బరువు తోకలు మనుషులు ఏరి ఏరి పెంచినవేననీ, ట్రినిడాడ్, వెనిజులా వాగుల్లో ఉండే అసలు గప్పీల తోకలు పొట్టిగా ఉంటాయనీ చెప్పి మా అమ్మాయిని మాటల్లో పెట్టారు. దోమ పిల్లల్ని తింటుందని ఈ చేపని మన దేశానికి తెచ్చి వందేళ్ళు దాటిందని కూడా ఆ రోజే తెలిసింది.

మిగతావన్నీ బాగున్నాయి. కొత్తగా వచ్చే తోక ముందు రంగు లేకుండా గాజులా వస్తుంది, లైటు వేస్తే తప్ప కనపడదు. నీలం మాస్కో తోకకి ఇప్పుడు అంచున అలాంటి పట్టీ ఉంది, లోపలి వైపు నుంచి నీలం మెల్లగా పాకుతోంది. ఒక రెడ్ డ్రాగన్‌కి తోక కాస్త వంకరగా పెరిగింది. అలాగే ఉంటుందట, దానికేం ఇబ్బంది లేదు, అందరికన్నా ముందు మేత దగ్గరికి వచ్చేది అదే.

టబ్బులో ఉన్న ఒక ఆడ చేప ఆ ఉప్పు నీళ్ళలోనే పిల్లల్ని పెట్టింది. నాచు గుబురులో దాక్కుని చాలా వరకు బతికాయి. కాస్త పెద్దవయ్యాక ఇచ్చేస్తాం, డబ్బులేం వద్దు. మొదటి జతలు ల్యాబు తమ్ముడికి, పిన్నిగారి మనవడికి మాట ఇచ్చేశాం. ఆ తర్వాత మన ఊళ్ళో ఎవరైనా తీసుకోవచ్చు, కానీ ముందు మీ ట్యాంకు నీళ్ళు టెస్టు చేయించిన కాగితం చూపించాలని మా అమ్మాయి షరతు పెట్టింది.