ఆ ఆల్కెమిస్ట్ గారికి కృతజ్ఞతలు

పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పట్లేదు. కానీ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో నా చేతికి థండర్‌ఫ్యూరీ అనే అరుదైన కత్తి వచ్చిందంటే అది మీ చలవే.

మోల్టెన్ కోర్ అనే గుహలో గార్, బేరన్ గెడ్డాన్ అనే బాస్‌లను కొట్టి, ఆ కత్తికి కావాల్సిన రెండు బైండింగ్స్ సంపాదిస్తే సగం పని అయిపోయినట్టే అనుకుంటారు అందరూ. అసలు టెన్షన్ ఆ కత్తికే కావాల్సిన ఎలిమెంటియం లోహపు కడ్డీలతో మొదలవుతుంది. పది కడ్డీలు, ఒక్కోదానికి మీలాంటి ఆల్కెమిస్ట్ ఆటగాళ్లు తయారుచేసే ఆర్కనైట్ బార్లు 10, మొత్తం 100! మార్కెట్లో కొనాలంటే జేబు ఖాళీ. మీరు మాత్రం చేసిన బార్లు చేసినట్టే నాకు మెయిల్‌లో పంపేశారు, పైసా తీసుకోలేదు.

అంతకంటే ఎక్కువగా, కథ చెప్పినందుకు థాంక్స్. గాలి రాజు అల్‌అకీర్ కొడుకు థండరాన్. అతన్ని అగ్ని రాజు రాగ్నరోస్ దొంగదెబ్బ తీసి, శక్తిని మింగేసి, మింగలేనిది ఒక తాయెత్తులో బంధించి, దాన్ని రెండు ముక్కలు చేసి తన సేనానులైన గార్, గెడ్డాన్‌లకు పంచాడట. ఆ ముక్కలే ఈ బైండింగ్స్! ఆటలో ఇచ్చే పనుల (క్వెస్ట్‌ల) టెక్స్ట్ ఎవరు చదువుతారు చెప్పండి? మీరు చెప్పాకే, కత్తి కోసం చివర్లో ఓడించాల్సిన థండరాన్ సిలిథస్ ఎడారిలో ప్రత్యక్షమైనప్పుడు, కొట్టడానికి కాస్త జాలేసింది. కొట్టాననుకోండి.

గుంపుగా వెళ్లే ఏ రెయిడ్‌కైనా ముందు నిలబడి దెబ్బలు కాచే ట్యాంక్ తక్కువైతే ఒక్క మెసేజ్ పెట్టండి, వచ్చేస్తా.