మన షాపు పేరున్న సంచి ఉప్పలపాడు దారిలో దొరికింది

అందరికీ నమస్కారం. గుంటూరు పట్టాభిపురంలో మన చికెన్ షాపు నుంచి రాస్తున్నాను. మొన్న శనివారం నుంచి కిలోకి పది రూపాయలు పెంచాను. మంగళవారాలు షాపు తీయడం లేదు. ఎందుకని అడిగినవాళ్ళకి కత్తి చేతిలో పట్టుకుని ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి పంపిస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు ఒకసారి రాసేస్తే మీకూ నాకూ మంచిది.

ముక్కనుమ రోజు సాయంత్రం మన పాత కస్టమర్, రిటైరైన మాస్టారు ఒకాయన, వాట్సాప్‌లో ఫొటో పంపారు. మనవడికి పక్షుల్ని చూపించడానికి ఉప్పలపాడు వెళ్ళారట. దారిలో రోడ్డు పక్కన నీళ్ళ గుంట. ఒడ్డున చిరిగిన సంచులు, ఈకలు, పేగులు, వాటి మీద కాకులు, కుక్కలు. ఒక సంచి మీద మన షాపు పేరు, ఫోన్ నంబరు ఎవరికైనా కనపడేలా ఉన్నాయి. కింద మాస్టారు ఒక్కటే రాశారు: "ఇది మీదేనా బాబూ?"

ఆయన తిట్టినా బాగుండేది.

మా అబ్బాయిని వెంటబెట్టుకుని చీకటి పడేలోపు వెళ్ళాను. ఈకలు, పేగులు అయితే ఏ షాపువో చెప్పలేం. కానీ మన సంచిలో కోయని కోళ్ళు పదకొండు ఉన్నాయి. అవి మనవే. తెల్లవారుజామున లోడు దిగేటప్పుడు ట్రేల్లో ఒత్తిడికో ఉక్కకో రెండు మూడు కోళ్ళు చచ్చి ఉంటాయి, పండగ లోడులో ఇంకా ఎక్కువ. చచ్చిన కోడిని కోయకూడదన్నది మా నాన్న పెట్టిన కట్టుబాటు. ఇరవై ఆరేళ్ళుగా అదే మన షాపు గొప్ప అని నేనే చెప్పుకుంటూ వచ్చాను. మరి ఆ కోడి ఎక్కడికి పోతోందని ఒక్కనాడూ అడగలేదు. వేస్టు ఆటో వస్తుంది, సంచి ఎక్కుతుంది, నా బాధ్యత తీరిపోయింది. అంతే నాకు తెలిసింది.

ఆ ఆటో అతని గురించి చెప్పాలి. తొమ్మిదేళ్ళు మనకి వేస్టు ఎత్తాడు. వాళ్ళ అమ్మాయి పెళ్ళికి యాభై కిలోలు రూపాయి తీసుకోకుండా పంపాను. లాక్‌డౌన్‌లో షాపు మూసినా నెల జీతం ఆపలేదు. పిలిచి ఫొటో చూపిస్తే, "మీ ఒక్కరిదే కాదన్నా, చాలా షాపులవి" అన్నాడు. అదేదో ఓదార్పన్నట్టు! పేగులూ తలలూ చేపల చెరువులకి అమ్ముకుంటున్నాడట. చెరువుల్లో కోడి వేస్టు వేయకూడదని నిషేధం ఉందన్న సంగతి అతనికి తెలుసు, నాకూ తెలుసు. చచ్చిన కోళ్ళని మాత్రం చెరువుల వాళ్ళు తీసుకోరు, అందుకని దారిలో విసిరేస్తాడు. నా దగ్గర ఎత్తినందుకు డబ్బు, అక్కడ అమ్మినందుకు డబ్బు, మిగిలింది రోడ్డు మీదకి. తప్పయిందని ఒక్క మాట అంటే ఏం చేసేవాడినో తెలియదు. అనలేదు. లెక్క చూసి పంపేశాను. చాలామంది సిఫార్సుకి వచ్చారు. ఇక వాళ్ళు రానక్కర్లేదు.

"కోడి చస్తే ఇంత రాద్ధాంతం ఎందుకయ్యా" అని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఉప్పలపాడు చెరువు చూసినవాళ్ళు ఆ మాట అనరు. చెరువు మధ్య తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఆ ఊరివాళ్ళు వాటిని కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. మన గుంట దగ్గర చచ్చిన కోడిని పొడిచిన కాకి ఆ చెరువు మీద వాలడానికి ఎంతసేపు? 2020 డిసెంబరు చివర్లో రాజస్థాన్‌లోని ఝాలావాడ్‌లో కాకులు బర్డ్ ఫ్లూతో రాలిపోయాయి. 2025 ఫిబ్రవరిలో అది మన గోదావరి జిల్లాల ఫారాల్లోకి వచ్చింది. నెల రోజులు నేను షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. అప్పుడు వలస పక్షులు తెచ్చిపెట్టాయని అందరం వాటినే తిట్టుకున్నాం. జబ్బు అటు నుంచి ఇటు వచ్చినట్టే ఇటు నుంచి అటూ పోతుంది. కోళ్ళకొచ్చే కొక్కెర తెగులు కూడా అంతే, పావురాలకీ అంటుకుంటుంది. ఆ పదకొండు కోళ్ళకి జబ్బుందని నేననడం లేదు. లేదని తేల్చడానికి ఎవరూ పరీక్ష చేయలేదు కూడా.

మా మేనల్లుడు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉంటాడు. ఫోన్‌లో ఇదంతా చెప్పుకుని బాధపడితే, వాడు నవంబరులో ఆఫీసు స్నేహితుడి వెంట జింకల వేటకి వెళ్ళిన సంగతి చెప్పాడు. అక్కడ లైసెన్సుతో వేట చట్టబద్ధమే. (మన దగ్గర 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం నేరం. అడవి పంది మాంసం ఉందా అని గుసగుసగా అడిగేవాళ్ళూ, చలికాలంలో వల వేసి పట్టిన నీటి బాతులు కొంటావా అని వచ్చేవాళ్ళూ ఇది కూడా చదువుకోవాలి.) ఆ రాష్ట్రపు జింకల్లో చిక్కి శల్యమై చచ్చే జబ్బొకటి 2002లో బయటపడింది. దానికి మందు లేదు. తల, వెన్నెముక ఎక్కడ పారేస్తే అక్కడి మట్టిలో ఏళ్ళ తరబడి జబ్బు కారకం ఉండిపోతుందట. అందుకని మాంసం కోసుకోగా మిగిలినదాన్ని అడవిలో వదలకుండా, దూరాలకి మోయకుండా, దగ్గర్లో పెట్టిన పెద్ద చెత్త డబ్బాలో వేస్తారు. అక్కడి నుంచి అది చెత్త పూడ్చే చోటికి పోతుంది. సరదాకి వేటాడేవాడే అంత జాగ్రత్త పడుతున్నాడు. ఇదే బతుకుతెరువైన నాకు సిగ్గేసింది.

ఈకలు, పేగులు, తలల సంగతి త్వరగానే తేలింది. వాటిని ఆవిరి మీద ఉడికించి పొడి చేసే యూనిట్‌కి ఇస్తున్నాను. మూత ఉన్న బండి వస్తుంది, తూకం వేసి చీటీ ఇస్తుంది. యూనిట్‌కి చెప్పకుండా వెళ్ళి రెండుసార్లు చూసొచ్చాను.

చచ్చిన కోళ్ళ దగ్గరే నిద్ర పట్టలేదు. యూనిట్ వాళ్ళు వాటిని తీసుకోరు. కాలిస్తే వీధంతా వాసన. మునిసిపాలిటీ డబ్బాలో వేస్తే కుక్కల పాలు. మిగిలింది మా ఊళ్ళో నాన్న వదిలిపెట్టిన అరెకరం. ఆ మాట ఎత్తగానే తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు. "నాన్న మిరప వేసిన చేలో చచ్చిన కోళ్ళు పాతిపెడతావా?" అన్నాడు. పదకొండు రాత్రులు ఆలోచించాను. పైగా అది నల్లరేగడి, ఎండాకాలం అరచెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఉత్త గొయ్యి తీసి పూడిస్తే వాసనకి కుక్కలు తవ్వేస్తాయి. చివరికి బోరుకి దూరంగా, చేను మూలన సిమెంటు వరలు దింపించి, అడుగున కాంక్రీటు వేయించి, పైన తాళం పడే మూత పెట్టించాను. వేసిన ప్రతిసారీ మీద సున్నం. ముప్పై ఎనిమిది వేలు అయింది. మీరిస్తున్న పది రూపాయలు దీనికీ, యూనిట్ బండికీ. మంగళవారం సెలవు, ట్రేలూ బోనులూ కడిగి, బ్లీచింగ్ వేసి ఎండబెట్టడానికి.

మేనల్లుడు దీన్లోనూ తప్పు పట్టాడు. "మరి నువ్వే పద్నాలుగు కిలోమీటర్లు మోస్తున్నావు కదా మామయ్యా?" అన్నాడు. నిజమే. బిగుతు మూత డ్రమ్ములో పెట్టి దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్తున్నాను, తిరిగొచ్చి బండి చక్రాలు కడుగుతున్నాను. ఇంతకన్నా మంచి దారి ఎవరైనా చూపిస్తే వింటాను. "అందరూ చేసేదేగా" అని మాత్రం చెప్పకండి.

ఒక లోడులో ఉన్నట్టుండి ఎక్కువ కోళ్ళు చచ్చినా, తల మీది ఎర్ర జుట్టు నీలంగా మారినా, తల వాచినా, ఆ లోడులో ఒక్క కోడిని కూడా కోయను, పాతిపెట్టను. షట్టర్ దించి పశువుల డాక్టరు గారికి ఫోన్ చేస్తాను. ఆ రోజు ఇంట్లో చుట్టాలున్నారని వెనక తలుపు కొట్టొద్దు, ఎవరికైనా అదే మాట. మీ పెరట్లో నాటుకోడి చస్తే నా దగ్గరికి తేకండి, కాలువలో వేయకండి. చేతికి కవరు తొడుక్కుని అక్కడే లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చండి. రెండు మూడు వరసగా చస్తే ముట్టుకోకుండా డాక్టరుకి చెప్పండి.

పాత సంచులన్నీ మార్చేశాను. కొత్తవాటి మీదా పేరు, నంబరు ఉన్నాయి. పేరు తీసేయమని మా ఆవిడ అంది, నేను ఒప్పుకోలేదు. ఎక్కడైనా కనపడితే మాస్టారిలాగే ఫొటో తీసి పంపండి.

తమ్ముడు ఇంకా మాట్లాడటం లేదు. ఆదివారం మాత్రం కొడుకుని పంపి కిలో స్కిన్‌లెస్ కొట్టించుకుంటున్నాడు. వాడికి పాత రేటే వేస్తున్నాను.