కెటిల్ కొన్నవట గద

హన్మకొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ దోస్త్,

కెటిల్ కొన్నవట గద, మీ తమ్ముడు చెప్పిండు. కరీంనగర్‌ల గూడ ఆదివారం రాత్రి మెస్ బందేనా? ఇగ నీ బతుకూ నా బతుకూ ఒక్కటే.

ఒక్కటి మాత్రం యాదుంచుకో. కెటిల్‌ల మ్యాగీ ఉడకబెట్టకు. నేను పెట్టిన, అదీ మూత తీసి. మూత ఉంటేనే ఆవిరి లోపలి స్విచ్‌కు తాకి టక్కుమని బందైతది, తెరిచిపెడితే ఎందుకాగుతది? నురగ పొంగి, నా రికార్డు బుక్కు తడిపి, ఎక్స్‌టెన్షన్ బోర్డు దాక పాకింది. ఫ్యూజు పోయి వరండ మొత్తం చీకటి. వార్డెన్ సారు టార్చి పట్టుకొని సీదా మా రూమ్‌కే వచ్చిండు. మసాలా వాసనను యాడ దాస్తం? కెటిల్ రెండు వారాలు ఆయన దగ్గర్నే ఉన్నది. తిరిగొచ్చినంక గూడ అండ్ల చాయ్ పెడితే మసాలా వాసనే.

అసలు ఉడకబెట్టే పనే లేదురా. 1958ల జపాన్‌ల మొమొఫుకు ఆండో అనేటాయన ఇసొంటి ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను తయారుజేసిందే వేడినీళ్లు పోసి తినెతందుకు. ముందే ఆవిరి మీద ఉడికిస్తరు, తర్వాత నూనెల వేయిస్తరు. నీళ్లు పోయిన జాగల సన్న సన్న బొక్కలు మిగులుతయి, వేడినీళ్లు తగిలితే మళ్ల పీల్చుకుంటయి. మన అటుకులు నానినట్టే అనుకో.

నేనిప్పుడు స్టీలు టిఫిన్ డబ్బల మ్యాగీ ముక్క పెట్టి, మసాలా చల్లి, మసిలే నీళ్లు ముక్క మునిగీ మునగనట్టు పోస్త. మూత పెట్టి తువ్వాల చుట్టి అయిదారు నిమిషాలు ముట్టుకోను. ఈ లోపల ఉల్లిగడ్డ కోసి ఉప్పు రాసి పెడ్త, పల్లీలు గ్లాసు అడుగుతోని నలగ్గొడ్త. గుడ్డు పెంకుతోనే కెటిల్‌ల వేసి, నీళ్లు మసిలి స్విచ్ ఆగినంక పావుగంట అట్లనే వదిలెయ్, మంచిగ ఉడుకుతది. కొట్టి మాత్రం పొయ్యకు, అడుగుకు అంటుకుంటది.

కారం ముచ్చట చెప్పలే గద! మా రూమ్మేట్‌ది నర్సంపేట దిక్కు. ఇంటికాంచి చపాట మిర్చి కారం తెచ్చిండు. టమాటల లెక్క గుండ్రంగ ఉంటయి సూడు, 2025ల జీఐ గుర్తింపు, అంటే ఫలానా జాగ పంట అని సర్కారు ఇచ్చే గుర్తింపు, గూడ వచ్చింది, అవే. రంగు సూస్తే భయమైతది, నాలిక మీద ఏమంత మంట ఉండదు. రోజూ రెండు చెంచాలు గుమ్మరిస్తుంటి. మొన్న అది అయిపోతే బయట కొన్న పొట్లం నుంచి గూడ అలవాటు కొద్ది రెండు చెంచాలు వేసిన. అది తేజ మిర్చి కారమంట. రెండు ముద్దలకే చెవులల్ల పొగలు! బకెట్ల నీళ్లు ముఖం మీద కొట్టుకుంటుంటే నర్సంపేటోడు మంచం మీద పడి నవ్వుడే నవ్వుడు. అయినా పారబోస్తనా? పక్క రూమోళ్లను పెరుగు అడుక్కొచ్చి, కలిపి, డబ్బ నాకి లేచిన. పెరుగు మ్యాగీ అంటే చీ అనకు, తిని చెప్పు.

వచ్చే శనివారం భద్రకాళి గుడికి వస్తమన్నరు గద మీ ఇంట్లోళ్లు, నువ్వు గూడ రా. అమ్మను అడిగి మామిడికాయ తొక్కు ఒక సీస పట్టుకురా, పెద్దది. నూనె ఎక్కువుండాలె. ఆ నూనె రెండు చుక్కలు నూడుల్స్ మీద పడితే సాలు, మసాలా పొట్లమే అక్కర్లే.

నీ,
తడిసిన రికార్డు మళ్ల రాసుకుంటున్న దోస్త్