మెట్లెక్కి చూసేవారెవరు?

సంపాదకులకు నమస్కారం.

నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు మాది. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదింటికి కూడా గోడకు చెయ్యి ఆనిస్తే కాలుతుంది. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా మా మీదకు వదులుతుంది. అందుకే పై అంతస్తులోని నాలుగు ఇళ్లలోనూ తెల్లవార్లూ ఏసీ నడవాల్సిందే. ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు కాల్చి తీసిందే. పైగా ఏసీలు వదిలే వేడిగాలి మళ్లీ మా సందులోకే.

పోయిన వేసవికి ముందు అందరం చందా వేసుకుని డాబా మీద ఎండను వెనక్కి తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింట్ రెండు పూతలు వేయించాం. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా వెళ్లి బట్టలు ఆరేసి వచ్చాను! ఇప్పుడు రాత్రి ఒంటిగంటకే ఏసీ ఆపేస్తున్నాం.

తెలంగాణ ప్రభుత్వం 2023లోనే ఇలా వేడిని తక్కువగా పీల్చే పైకప్పుల కోసం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేసింది. చాలా మంచి పని. కానీ మా వీధిలో కొత్తగా లేచిన రెండు పెద్ద భవనాల పైకప్పులు మా డాబా మీంచి కనిపిస్తాయి. రెండూ బూడిదరంగు సిమెంటే. భవనంలో ఉండొచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు అధికారులు ఒక్కసారి మెట్లెక్కి చూడాలి.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఉండేది రేకుల గదిలో. ఫ్యాన్ వేస్తే నిప్పుల మీంచి వచ్చినట్టుంటుంది గాలి, పిల్లలు బయట అరుగు మీదే పడుకుంటారట. అలాంటి ఇళ్లకు ఈ నిబంధన వర్తించదు. వచ్చే వేసవిలోపు ప్రభుత్వమే ఆ రేకులకు తెల్లరంగు ఉచితంగా వేయించాలని కోరుతున్నాను.

– ఒక గృహిణి, నిజాంపేట, హైదరాబాద్