విదేశీ విడాకుల డిక్రీతో తిరుపతిలో రెండో పెళ్ళి: కేంద్ర న్యాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో కుటుంబ కేసులు నడిపే న్యాయవాదులం, వాళ్ళ దగ్గర కాగితాలు సిద్ధం చేసే గుమాస్తాలం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. అమెరికాలోనో, కెనడాలోనో, ఇంగ్లండ్‌లోనో విడాకులు పొంది, ఇక్కడికొచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకుని, కొత్తగా కట్టుకున్న మనిషిని స్పాన్సర్ చేసి తీసుకెళ్ళాలనుకునే వాళ్ళు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. చాలామంది ముహూర్తం పెట్టుకుని, మండపానికి అడ్వాన్సు కట్టి, శుభలేఖలు కూడా అచ్చు వేయించాక వస్తారు. ఆ దశలో డిక్రీ తిరగేసి "ఇది ఇక్కడ చెల్లకపోవచ్చు" అని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట వినే పెళ్ళికూతురి తండ్రి ముఖం చూడలేం.

విదేశీ విడాకులు మన దేశంలో ఎప్పుడు చెల్లుతాయో చెప్పే ప్రత్యేక చట్టం నేటికీ లేదు. ఉన్నది విదేశీ కోర్టు తీర్పులు ఇక్కడ ఎప్పుడు చెల్లవో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్, దానికి 1991 జూలై 9న సుప్రీంకోర్టు చెప్పిన అర్థం. న్యాయవాదులు నరసింహారావు కేసు అని పిలిచే ఆ తీర్పు మా ఊరి నుంచి వెళ్ళిందే. ఆ దంపతుల పెళ్ళి 1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో జరిగింది. భర్త మొదట తిరుపతి సబ్ కోర్టులోనే విడాకులకు పిటిషన్ వేశాడు. అందులో తన చిరునామా లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ అని రాశాడు. ఆ తర్వాత మిస్సోరి రాష్ట్రంలో 90 రోజులుగా ఉంటున్నానని చెప్పి, సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు నుంచి 1980లో డిక్రీ తెచ్చుకున్నాడు. భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది. 1981లో అతను రెండో పెళ్ళి చేసుకుంటే ఆమె క్రిమినల్ కేసు పెట్టింది. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ తీర్పు సారం ఇది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళిని రద్దు చేసే అధికారం ఆ చట్టం గుర్తించే కోర్టుకే ఉంటుంది, అదీ ఆ చట్టంలో ఉన్న కారణం మీదే. దీనికి మూడు మినహాయింపులున్నాయి. ఎదుటి పక్షం ఆ దేశంలోనే స్థిరంగా నివసిస్తూ ఉండి, విడాకులు మన చట్టంలోనూ ఉన్న కారణం మీద మంజూరై ఉండాలి. లేదా ఎదుటి పక్షం తనంతట తాను ఆ కోర్టుకు లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీదే కేసు పోరాడి ఉండాలి. అదీ కాకపోతే విడాకులకు ఒప్పుకుని ఉండాలి. కోర్టు అధికారాన్ని కాదంటూ ఒక జవాబు పంపినంత మాత్రాన లోబడినట్టు కాదు.

అందుకే ఎవరు డిక్రీ తెచ్చినా మేము ముందు రెండే చూస్తాం. ఏ కారణం మీద ఇచ్చారు? ఎదుటి పక్షం హాజరైందా? అమెరికా డిక్రీల్లో ఎక్కువగా కనిపించే కారణం "వివాహ బంధం తిరిగి అతకనంతగా విరిగిపోయింది" అన్నది. హిందూ వివాహ చట్టంలో ఆ కారణమే లేదు. మన దేశంలో ఆ కారణం మీద పెళ్ళి రద్దు చేయగలిగింది రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టు ఒక్కటే. 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం ఆ సంగతి స్పష్టం చేసింది. కాబట్టి ఆ కారణంతో పాటు "డిఫాల్ట్" అన్న మాట కూడా డిక్రీలో ఉంటే, అంటే రెండో పక్షం రాలేదు కాబట్టి ఇచ్చేశామని ఉంటే, ఆ కాగితం ఇక్కడ నిలబడదు. అదే డిక్రీకి ఇద్దరూ సంతకాలు చేసిన రాజీ ఒప్పందం జతపడి ఉంటే ఒప్పుకున్నట్టు రుజువు దొరుకుతుంది. డిక్రీ ఒక్కటే తెచ్చి, ఒప్పందాన్ని అక్కడి అల్మరాలో వదిలి వచ్చేవాళ్ళే ఎక్కువ. పిటిషన్, సమన్లు అందిన రుజువు, ఎదుటి పక్షం జవాబు, తీర్పు, రాజీ ఒప్పందం, పిల్లల పోషణ ఉత్తర్వు, ఇవన్నీ సర్టిఫైడ్ కాపీలుగా, అపొస్టిల్ ముద్రతో, అంటే వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణతో ఉండాలి. అమెరికా రాష్ట్ర కోర్టు కాగితాలకు ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం అపొస్టిల్ వేస్తుంది. కెనడాలో 2024 జనవరి 11 నుంచి అపొస్టిల్ అమల్లోకి వచ్చింది. నరసింహారావు కేసులో కోర్టుకు చేరింది ఫొటోస్టాట్ కాపీ. అది సాక్ష్యంగా పనికిరాదన్నారు. ముప్పై ఏళ్ళు దాటినా జిరాక్స్ కాపీతోనే వచ్చేవాళ్ళకు మేము ఈ మాటే చెబుతున్నాం.

తేదీల దగ్గర జరిగే పొరపాటు ఇంకా బాధ పెడుతుంది. ఇంగ్లండ్‌లో మొదట షరతులతో కూడిన ఉత్తర్వు, ఆరు వారాలు గడిచి మళ్ళీ దరఖాస్తు చేశాక తుది ఉత్తర్వు వస్తాయి. 2022 ఏప్రిల్ 6కు ముందు మొదలైన కేసుల్లో వీటినే డిక్రీ నైసై, డిక్రీ అబ్సల్యూట్ అనేవారు. మొదటి కాగితం చూపించి ముహూర్తం పెట్టుకునేవాళ్ళున్నారు. అప్పటికి మొదటి పెళ్ళి ఇంకా బతికే ఉంటుంది. కెనడాలో తీర్పు వచ్చిన 31వ రోజున గానీ విడాకులు అమల్లోకి రావు, ఆ తర్వాతే విడాకుల సర్టిఫికెట్ ఇస్తారు. టెక్సాస్‌లో 30 రోజులు ఆగాలి. విస్కాన్సిన్‌లో ఆరు నెలలు ఆగాలి, ఆ ఆరు నెలల్లో ప్రపంచంలో ఎక్కడ చేసుకున్నా పెళ్ళి చెల్లదని అక్కడి చట్టం. ఇక్కడి కోర్టు ఇచ్చిన విడాకులైతే అప్పీలుకు 90 రోజుల గడువుంది. ఊరి పెద్దమనుషుల ముందు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకుల పత్రాన్ని ఇమ్మిగ్రేషన్ ఫైలులో పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ కులంలో అలాంటి ఆచారం పూర్వం నుంచీ ఉందని కోర్టులో రుజువు చేస్తే తప్ప దానికి విలువ లేదు.

పేర్ల తేడా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫైలును నెలల తరబడి ఆపేస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో ఉంటుంది, విదేశీ డిక్రీలో చివరికి వెళ్తుంది. కొన్నింటిలో ఇంటిపేరు మొదటి అక్షరమే మిగులుతుంది. పెళ్ళికి ముందే ఆ పేర్లన్నీ ఒకరివేనని అఫిడవిట్ చేయించుకోమని చెబుతాం.

అక్కడ తీసుకున్న విడాకులు అక్కడ చెల్లితే చాలు కదా, ఇక్కడి చట్టంతో పనేముంది అని చాలామంది అడుగుతారు. పని ఉంది. అమెరికాలో భార్య లేదా భర్త కోసం వేసే ఐ-130 దరఖాస్తుకు ఇద్దరి పాత పెళ్ళిళ్ళూ ముగిసిన రుజువు జతచేయాలి. కొత్త పెళ్ళి చెల్లుతుందా లేదా అన్నది ఆ పెళ్ళి జరిగిన చోటి చట్టాన్ని బట్టి చూస్తారు. కెనడా అయితే అక్కడి చట్టం, పెళ్ళి జరిగిన దేశపు చట్టం రెండూ చూస్తుంది. పెళ్ళి తిరుపతిలో జరిగితే, ఆ రోజుకు వరుడికి మన చట్టం ప్రకారం బతికున్న భార్య ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఉంటే హిందూ వివాహ చట్టం 11వ సెక్షన్ కింద రెండో పెళ్ళి మొదటి నుంచే చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు శిక్ష, మొదటి పెళ్ళి దాచి చేసుకుంటే పదేళ్ళ వరకు. వివాహ రిజిస్ట్రేషన్ అయింది కదా అంటారు. ఆ విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లుతుందా అని తేల్చే అధికారం సబ్ రిజిస్ట్రార్‌కు లేదు.

ఇక బిడ్డ సంగతి. మేము ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

రెండో పెళ్ళి మాట వచ్చినప్పుడు మొదటి పెళ్ళిలో పుట్టిన బిడ్డ ఫైలులోంచి మాయమవుతుంది. తల్లి దగ్గర పెరుగుతోంది కాబట్టి రాయనక్కర్లేదనుకుంటారు. అమెరికా ఐ-864 పూచీ పత్రంలో కుటుంబ సభ్యులను లెక్కించేటప్పుడు 21 ఏళ్ళ లోపు, పెళ్ళికాని బిడ్డలను, తమ సంరక్షణలో లేకపోయినా లెక్కలోకి తీసుకోవాలి. తాను, కొత్త భార్య కలిసి ఇద్దరని రాసేచోట ముగ్గురని రాయాలి. ఆ ముగ్గురికి సరిపడా పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. కెనడా నిబంధనల్లో ఇది ఇంకా గట్టిగా ఉంది. కోర్టు ఆదేశించిన పోషణ సొమ్ము బకాయి పడ్డవాళ్ళు ఎవరినీ స్పాన్సర్ చేయలేరు. ఇక్కడి నుంచి వెళ్ళే కొత్త భార్యకు గానీ భర్తకు గానీ పాత పెళ్ళిలో బిడ్డలుంటే, వెంట తీసుకెళ్ళకపోయినా వాళ్ళ పేర్లు రాయాలి, వైద్య పరీక్ష చేయించాలి. లేకపోతే ఆ బిడ్డను తర్వాత కుటుంబ కోటాలో పిలిపించుకునే దారి మూసుకుపోవచ్చు. అమెరికాలో పిల్లల పోషణ బకాయి 2,500 డాలర్లు దాటితే తండ్రికి అమెరికా పాస్‌పోర్టే ఇవ్వరు.

అంటే విదేశీ ప్రభుత్వాలు బిడ్డ పోషణను స్పాన్సర్‌షిప్‌తో ముడిపెట్టాయి. మన దగ్గర ఆ ముడి లేదు. బిడ్డతో పుట్టింటికి వచ్చేసిన తల్లి చేతిలో అమెరికా కోర్టు ఉత్తర్వు ఉంటుంది. దాన్ని చిత్తూరు కోర్టులో అమలు పిటిషన్‌గా వేయడం కుదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద నేరుగా అమలయ్యేవి పరస్పర ఒప్పందమున్న దేశాల డిక్రీలే. బ్రిటన్, సింగపూర్ ఉన్నాయి, 2020 జనవరి 17న యూఏఈ కూడా చేరింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లేవు. మా జిల్లాల పిల్లలు చదువుకోవడానికి, ఉద్యోగాలకు ఎక్కువగా వెళ్ళేది ఆ మూడు దేశాలకే. అప్పుడు ఆ తల్లి ఆ తీర్పును ఆధారం చేసుకుని కొత్తగా దావా వేయాలి, అదీ తీర్పు వచ్చిన మూడేళ్ళలోపే. లేదా భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మనోవర్తికి మొదటి నుంచి అడగాలి. ఉత్తర్వు వచ్చినా జీతం డాలర్లలో వచ్చే మనిషి దగ్గర వసూలు చేసే చెయ్యి మన కోర్టుకు లేదు.

తండ్రి డబ్బు పంపుతున్న కేసుల్లోనూ గొడవలొస్తాయి. బావమరిది ఖాతాకో, అత్తగారి ఖాతాకో పంపిన సొమ్ము బిడ్డ పోషణ కింద లెక్కకు రాకపోవచ్చు. కోర్టు ఏ ఖాతా ద్వారా కట్టమందో ఆ ఖాతాకే కట్టాలి, నెల నెలా పోషణ నిమిత్తం అని రాయాలి, ఆ లెక్కల కాగితం తీసుకుని ఉంచుకోవాలి. బకాయి లేదని రేపు వీసా అధికారికి చూపించాల్సింది ఆ కాగితమే.

సమన్లు పంపే తీరు గురించి కూడా చెప్పాలి. ఒక దేశపు కోర్టు సమన్లు ఇంకో దేశానికి ఎలా పంపాలో చెప్పే హేగ్ సర్వీస్ ఒప్పందం మన దేశంలో 2007 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. పోస్టులో నేరుగా సమన్లు పంపడానికి మన దేశం అభ్యంతరం చెప్పింది. మీ శాఖే కేంద్ర అధికార సంస్థ, సమన్లు మీ ద్వారానే రావాలి. అయినా అమెరికా వకీళ్ళ దగ్గర నుంచి కొరియర్ కవర్లు గ్రామాలకు వస్తూనే ఉన్నాయి. వీధి చివరి కొట్టులో ఎవరో సంతకం పెట్టి తీసుకుంటారు, కవరు రెండు వారాల తర్వాత ఆమె చేతికి చేరుతుంది. జవాబు గడువు అప్పటికే అయిపోయి ఉంటుంది. అలా వచ్చిన డిక్రీ ఆమెకు అన్యాయం. దాన్ని నమ్మి రెండో పెళ్ళికి ఒప్పుకున్న అమ్మాయికీ అన్యాయమే.

విదేశీ విడాకుల గుర్తింపు మీద లా కమిషన్ 65వ నివేదిక 1976లోనే వచ్చింది. ఈ విషయంలో ఖచ్చితమైన నియమాలు కావాలని 1991 తీర్పులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రవాస భారతీయుల వివాహాల రిజిస్ట్రేషన్ బిల్లు 2019 ఫిబ్రవరి 11న రాజ్యసభ ముందుకొచ్చి అక్కడే ఉండిపోయింది. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ 287వ నివేదికలో ప్రవాసుల వివాహాలకు సమగ్ర చట్టం కావాలని మళ్ళీ చెప్పింది. మేము కొత్తగా ఏమీ కోరడం లేదు, మీ బల్ల మీద ఉన్నవాటిని కదిలించమంటున్నాం.

చట్టం వచ్చేలోపు కూడా చేయగలిగిన పనులున్నాయి. వివాహ స్థితిని ప్రకటించే అధికారం ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ఇప్పటికే ఇచ్చింది. విదేశీ విడాకులకు ఇద్దరూ ఒప్పుకున్న కేసుల్లో, ఇద్దరి అఫిడవిట్లతో, వీడియో కాన్ఫరెన్స్‌లో విచారించి 90 రోజుల్లో ప్రకటన ఇచ్చేలా ఒక ప్రత్యేక నమూనా పిటిషన్ రూపొందించమని హైకోర్టులను కోరండి. ఆ పిటిషన్‌లో బిడ్డ గడి తప్పనిసరి చేయండి. బిడ్డలు ఎందరు, ఎవరి దగ్గర ఉన్నారు, పోషణ ఉత్తర్వు ఎంత, ఏ తేదీ వరకు కట్టారు, బకాయి ఎంత అన్నవి అందులో ఉండాలి. 2020 నవంబరు 4న మనోవర్తి గురించిన రజనేశ్ కేసులో సుప్రీంకోర్టు ఆస్తి అప్పుల అఫిడవిట్ నమూనా ఇచ్చింది, దానికే ఈ పేజీ జతచేస్తే సరిపోతుంది. బకాయి ఉంటే అది కట్టాకే ప్రకటన ఇవ్వాలి.

44ఎ సెక్షన్ కింద దేశం మొత్తాన్నే గుర్తించాలని లేదు, ఒక భూభాగాన్నయినా గుర్తించవచ్చు. అమెరికా మొత్తంతో ఒప్పందం కుదరకపోతే టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, కెనడాలో ఒంటారియో లాంటి వాటితో విడివిడిగా మాట్లాడండి. పిల్లల పోషణ వసూలుకు 2007లో కుదిరిన హేగ్ ఒప్పందంలో చేరే విషయం కూడా పరిశీలించండి. సమన్లు కొరియర్‌లో పంపితే చెల్లవన్న సంగతిని మన కాన్సులేట్ల ద్వారా అక్కడి కోర్టులకు తెలియజేయండి, తెలుగులో ఒక పేజీ రాయించి ప్రతి గ్రామ సచివాలయంలో అంటించండి.

ఈ నమూనా పిటిషన్ ముసాయిదా, బిడ్డ పేజీతో సహా, మేము తెలుగులోనూ ఇంగ్లిషులోనూ తయారుచేసి ఈ లేఖతో పాటు మీ శాఖకు పంపుతున్నాం. దాన్ని దిద్ది వాడుకోండి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల కుటుంబ కేసుల న్యాయవాదులు, గుమాస్తాలు