వేపాకు ఇప్పుడూ చేదే

ఒరేయ్ రమణా,

ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే "సరే, మళ్ళీ చేస్తా" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో.

ఈ నెల మా ఏడో తరగతి పిల్లల చేత కవితలు రాయించాను. నవ్వకు. పద్యం చెప్పమంటే వీళ్ళు చేతులు కట్టుకుని, ఊపిరి తీసుకోకుండా 'వినురవేమ' దాకా లాగించేస్తారు. సొంతంగా రాయమంటే మాత్రం ప్రాస కోసం తంటాలు. 'చెట్టు' అన్నారా, ఇక 'గట్టు', 'పట్టు' తప్పవు. అందుకని ప్రాస వద్దన్నాను, గణాల ఊసే ఎత్తలేదు. బోర్డు మీద రెండు మాటలు రాశాను: ఒకప్పుడు, ఇప్పుడు.

ఈ కిటుకు నాది కాదులే. కెన్నెత్ కోక్ అనే అమెరికన్ కవి 1968లో న్యూయార్క్‌లో పి.ఎస్. 61 అనే సర్కారు బడికి వెళ్ళి పిల్లలకి కవిత్వం నేర్పాడు. ప్రాస జోలికి పోనివ్వకుండా, ఇలాంటి ఎత్తుగడ ఒకటి చేతికిచ్చి వదిలేసేవాడు.

మొదటి రోజు కాగితాలు చూస్తే నీరసం వచ్చింది. "ఒకప్పుడు అల్లరి చేసేవాణ్ణి, ఇప్పుడు మంచి బాలుణ్ణి." నలభై రెండు మందిలో ముప్పై మందికి పైగా ఇదే పాట! తప్పు వాళ్ళది కాదురా. మారడమంటే బాగుపడటమేనని నూరిపోసింది మనమే కదా. మర్నాడు 'మంచి', 'చెడ్డ', 'బుద్ధి' మూడింటినీ నిషేధించాను. చేతికో నాలుకకో తగిలేది ఒక్కటైనా ఉండాలన్నాను.

అప్పుడు ఒకడు రాశాడు:

"ఒకప్పుడు వేపాకు చేదు.
తినగా తినగా తియ్యగా ఉంటుందంటే తిన్నాను.
ఇప్పుడూ చేదే."

వేమన మీదే తిరగబడ్డాడు వెధవ! మారలేదని చెప్పడం కూడా ఈ పాఠంలోదేనని నాకు వాడి వల్లే తట్టింది.

ఇంకొకటి చెప్పాలి. మా కోసిగి వైపు సంగతి నీకు తెలుసుగా, దీపావళి దాటితే ఇళ్ళకి తాళాలు. గుంటూరు వైపు పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరప కోతకి వలస. పెద్దవాళ్ళతో పాటు పిల్లలూ పోతారు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల ఇలా రాసింది:

"ఒకప్పుడు కంట్లో నలుసు పడితే అమ్మ తీసేది.
మిరపకాయలకు పోయినాంక నా చెయ్యి తగలనీయొద్దు అంటుంది.
ఇప్పుడు నేనే తీసుకుంటా."

అలవాటు చొప్పున 'పోయినాంక' కొట్టేసి ఎర్ర పెన్నుతో 'వెళ్ళాక' అని దిద్దాను. మళ్ళీ చదివితే అది ఆ పిల్ల మాటలా లేదు. సిగ్గేసి, నా దిద్దుబాటునే కొట్టేశాను. పైకి చదవమని మాత్రం అడగలేదు. రాయించడం వరకే మన పని, ఇంటి సంగతి నలుగురిలో చదివించే హక్కు నాకెక్కడిది?

నువ్వూ మూడు పాదాలు రాసి పంపు. బట్టతల మీద మాత్రం వద్దు, అది ఊరందరికీ తెలుసు.

అన్నట్టు, వచ్చే వారమే దీపావళి. వెళ్ళే పిల్లలకి తలా ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చి పంపుదామని ఉంది. మీ బజార్లో హోల్‌సేల్ ధర ఎంతో కనుక్కో. జేబులో పట్టేవి అయితే బాగుంటుంది.

నీ
సూరి