కోరల్స్ వచ్చాయి, కానీ ముందు మీ ట్యాంక్ నీళ్లు చూపించండి

సాల్ట్‌వాటర్ ట్యాంక్ పెట్టుకున్న మన కస్టమర్లందరికీ నమస్కారం. ఈమధ్య ఫోన్ ఎత్తితే ఒకటే మాట: కోరల్స్ వచ్చాయా? వచ్చాయండి. ఆ కోరల్స్, అంటే బతికున్న పగడాలు, షాపు వెనక గదిలో విడి ట్యాంకులో ఉన్నాయి. అమ్మకం మాత్రం దసరా, సిరిమాను (మన పైడితల్లమ్మ పండగ) అయ్యాకే మొదలుపెడతాం. అదీ ట్యాంక్ నీళ్లు తెచ్చి పరీక్ష చేయించుకున్న వాళ్లకే. ఈ మాటకి ఇప్పటికే కొందరు అలిగారు. "డబ్బులిస్తానంటే వద్దనే షాపు విజయనగరం మొత్తానికి నీదొక్కటే" అని ఒకాయన నవ్వుతూనే చురక వేశారు. ఎందుకిలా పెట్టామో, కొనే ముందు, కొన్నాక మీరేం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది.

వచ్చినవన్నీ సాఫ్ట్ కోరల్సే. మష్రూమ్‌లు, జోవాలు (జోయాంథిడ్‌లు), టోడ్‌స్టూల్ లెదర్, కెన్యా ట్రీ, కొంచెం జీనియా (Xenia). హామర్, టార్చ్, ఏక్రోపోరా ఎప్పుడు తెస్తారని అడిగేవాళ్లకి ఒకటే జవాబు, తేము. రాతి గూడు కట్టుకునే హార్డ్ కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. చట్టం దృష్టిలో పులి ఎంతో అవీ అంతే. సీ ఫ్యాన్లు, నల్ల కోరల్, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సముద్రగుర్రాలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. లాభం హార్డ్ కోరల్స్‌లోనే ఎక్కువని నాకూ తెలుసు. ఫోన్లో ఫొటో పంపించి, బిల్లు లేకుండా పార్శిల్ చేస్తామనేవాళ్లు ఉన్నారనీ తెలుసు. అటవీ శాఖ వాళ్లు వచ్చి అడిగితే చూపించడానికి నా దగ్గర కాగితం లేని సరుకు షాపులో పెట్టను. ఇంకో మాట, తాతల కాలం నాటి షోకేసులో ఉన్న తెల్ల కోరల్ ముక్కలు తెచ్చి కొంటారా అని అడక్కండి. చచ్చిపోయినదైనా చట్టం అదే.

నిజానికి మొదటిసారి పెంచేవాళ్లకి సాఫ్ట్ కోరలే మేలు. హార్డ్ కోరల్ గూడు కట్టుకోవడానికి నీళ్లలో కాల్షియం, ఆల్కలినిటీ (కార్బొనేట్ లవణాలు) రోజూ లాగేస్తుంది. వాటిని కొలుస్తూ, పోస్తూ ఉండాలి. సాఫ్ట్ కోరల్స్‌కి ఆ బెడద చాలా తక్కువ. వారానికి పది శాతం నీళ్లు మారిస్తే చాలావరకు సరిపోతుంది. వంద లీటర్ల ట్యాంక్ అనుకోండి, వారానికి పది లీటర్లు. లీటరుకి 36 నుంచి 38 గ్రాముల సాల్ట్ మిక్స్ పడుతుంది కాబట్టి నెలకి కిలోన్నర ఉప్పు.

ఉప్పు అనగానే అందరూ అడిగేది ఒకటుంది. మొన్న చింతపల్లి బీచ్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన కౌంటర్ మీద చెయ్యి కొట్టి మరీ అడిగారు. "ఏటి బాబూ, సముద్రం ఇంటి ముందెట్టుకుని ఉప్పు కొనమంటావేటి?" అడగాల్సిన ప్రశ్నే. కోరల్‌కి కావాల్సింది 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) ఉప్పదనం, అంటే సాంద్రత 1.026 దగ్గర. మన ఒడ్డున ఆ అంకె ఏడాది పొడుగునా నిలవదు. వానలు పడితే నాగావళి, వంశధార, చంపావతి మంచినీళ్లు, బురద అంతా ఒడ్డునే కలుస్తాయి. వానలయ్యాక మహానది, గంగ, బ్రహ్మపుత్ర నీళ్లు కూడా ఒడ్డు వెంటే దిగువకి వస్తాయి. అందుకే సరిగ్గా ఈ దసరా, దీపావళి రోజుల్లో మన సముద్రం బాగా పలచబడి ఉంటుంది. దానికి తోడు బోట్ల డీజిల్, ఊళ్ల మురుగు. చేపల్లో కొన్ని తట్టుకుంటాయి. కోరల్ తట్టుకోదు. బీచ్ నీళ్లు వాడే ట్యాంక్‌కి మేము కోరల్ ఇవ్వం.

మంచినీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఉప్పు కలిపేది, ఆవిరైనంత మేర రోజూ పోసేది ఆ నీళ్లే కదా. మన ఇళ్లలో బోరు నీళ్లు అసలే పనికిరావు. "మా ఇంట్లో ఆర్వో ఉందండి" అంటారు. వంటింటి ఆర్వోలో చాలావాటికి రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జ్ పెడతారు, లేదా కొంచెం మామూలు నీళ్లు కలిపే స్క్రూ ఉంటుంది. మనం తాగడానికి అది బాగుంటుంది. ట్యాంక్‌కి మాత్రం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) సున్నా కావాలి, మహా అయితే ఐదు లోపు. వాటర్ క్యాన్ల నీళ్లూ నమ్మకం లేదు, ఒక్కో క్యాను ఒక్కోలా వస్తుంది. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలు లాగేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలిస్తే పని అయిపోతుంది. టీడీఎస్ మీటర్ షాపులో ఉచితంగా వాడుకోండి, సీసాలో నీళ్లు తెస్తే చాలు.

ఇక మీ ట్యాంక్ వయసు. ట్యాంక్ నింపి నాలుగు నుంచి ఆరు వారాలకి సైకిల్, అంటే చెత్తని హరించే మంచి బ్యాక్టీరియా కుదురుకోవడం, పూర్తవుతుంది, అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వస్తాయి. అప్పుడు చేప వేసుకోవచ్చు. కోరల్‌కి తొందరపడొద్దు. సైకిల్ అయిన కొత్తలో ఇసుక మీద, అద్దాల మీద గోధుమరంగు పొర కడుతుంది, తర్వాత పచ్చ నాచు వస్తుంది. అది ప్రతి ట్యాంక్‌లోనూ వచ్చేదే. ఆ దశలో వేసిన కోరల్ మీద ఆ నాచే ఎక్కి కూర్చుంటుంది. మేము మూడు నెలలు దాటిన ట్యాంక్‌లకే ఇస్తున్నాం. రాయి మీద ఊదారంగు మచ్చలు కనిపిస్తే, అంటే కోరలైన్ నాచు పడితే, ఇంకేం అడక్కుండా ఇస్తాం.

అంకెలు రాసుకోండి. వేడి 25 నుంచి 27 డిగ్రీలు, ఉప్పు 35, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 పైన, మెగ్నీషియం 1300 దగ్గర. నైట్రేట్ 5 నుంచి 15 మధ్య ఉంటే మంచిది, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1. నైట్రేట్ సున్నా వచ్చిందని గర్వంగా ఫొటో పెట్టేవాళ్లున్నారు. సాఫ్ట్ కోరల్‌కి అది పస్తే. పైగా సున్నా నీళ్లలో డైనోఫ్లాజెల్లేట్లు (జిగురు పొరలా కమ్మే సూక్ష్మజీవులు) పడితే వదిలించుకోవడం పెద్ద తలనొప్పి. అన్నిటికంటే పెద్ద విషయం అంకె నిలకడగా ఉండడం. ఆల్కలినిటీ ఎప్పుడూ 7.5 ఉండే ట్యాంక్‌లో కోరల్ బతుకుతుంది. ఈ వారం 7, వచ్చే వారం 11 అయితే ముడుచుకుపోతుంది. ఉప్పు కొలవడానికి ప్లాస్టిక్ ముల్లు ఉండే హైడ్రోమీటర్ వద్దు, రిఫ్రాక్టోమీటర్ తీసుకోండి. దాన్ని 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోవాలి. సీసా షాపులో ఉంది. ట్యాంక్‌లో ఎప్పుడైనా చేపల జబ్బుకి రాగి మందు వాడి ఉంటే దాచకుండా చెప్పండి. అది రాళ్లలోకి ఇంకి ఉంటుంది, కోరల్‌ని చంపేస్తుంది.

వేడి గురించి నాకు నిజంగా టెన్షన్ ఉంది. ఇప్పుడు పర్వాలేదు. ఏప్రిల్, మే వస్తే ఏసీ లేని గదిలో ట్యాంక్ 32 డిగ్రీలు ఎక్కేస్తుంది. కోరల్ ఒంట్లో ఉండే సన్నటి నాచు కణాలే వెలుతురుతో దానికి అన్నం వండి పెడతాయి. నీళ్లు వేడెక్కితే కోరల్ వాటిని బయటికి గెంటేసి తెల్లబడిపోతుంది. నీళ్ల మీదకి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ మన ఉక్కపోతలో ఆవిరి సరిగా లేవదు, ఫ్యాన్ అంత పని చేయదు. చల్లబడిన మేర నీళ్లు తగ్గి ఉప్పు పెరుగుతుంది కూడా, రోజూ ఆర్వో నీళ్లు పోయాలి. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కొనే ఉద్దేశం లేనివాళ్లు, ట్యాంక్ గదిలో ఏసీ లేనివాళ్లు ఇప్పుడు కోరల్ కొనొద్దు. ఇది చెబితే నాకే వ్యాపారం తగ్గుతుంది, అయినా ఏప్రిల్‌లో మీరు ఫోన్ చేసి తిట్టేకంటే ఇదే నయం.

ఇప్పుడు అసలు పని, డిప్, అంటే కోరల్‌ని మందు నీళ్లలో ముంచి పురుగులు వదిలించడం. కోరల్ తెచ్చి నేరుగా ట్యాంక్‌లో పెట్టడం మా షాపులో ఎవరికీ చేయనివ్వం, మీ ఇంట్లోనూ చేయకండి. మేము వచ్చిన రోజే అన్నిటినీ డిప్ చేశాం. తెల్ల ప్లాస్టిక్ టబ్‌లో ట్యాంక్ నీళ్లు తీసి, డిప్ మందు సీసా మీద రాసిన కొలత ప్రకారం కలిపి, ఒక్కో ఫ్రాగ్‌ని (బిళ్లకి అంటించిన కోరల్ ముక్కని) ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, డ్రాపర్ లాంటి దానితో ఆ నీళ్లే చిమ్ముతూ కడగాలి. తెల్ల టబ్ ఎందుకంటే రాలినవి కనిపించడానికి. మొన్నటి బ్యాచ్‌లో టబ్ అడుగున సన్నటి ముళ్ల పురుగులు, రెండు చిన్న రొయ్య పిల్లల్లాంటివి కనపడ్డాయి. ఒక జోవా గుత్తి నుంచి న్యూడీబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) రాలింది. అది జోవాలనే తింటుంది, తిన్న జోవా రంగే దాని ఒంటికి వస్తుంది. వీపు మీద కుచ్చులు అచ్చం పాలిప్ (గుత్తిలో పువ్వులా విచ్చుకునే ఒక్కో జీవి) అంచుల్లాగే ఉంటాయి. ట్యాంక్‌లో ఉండగా నేను ఎదురుగా నిలబడి చూసినా కనపడలేదు. టబ్‌లో పాకితేనే తెలిసింది.

పురుగు చస్తుంది కానీ డిప్‌కి గుడ్లు చావవు. ఫ్రాగ్ కింద ఉండే బిళ్లని తిప్పి చూస్తే జిగురులాంటి చిన్న తెల్ల చుట్టలు కనిపిస్తాయి, అవే. పాత టూత్‌బ్రష్‌తోనో బ్లేడుతోనో గీకేయాలి. అవి పొదిగే టైమ్‌కి, అంటే ఐదారు రోజులకి మళ్లీ డిప్ చేయాలి, ఆ తర్వాత ఇంకోసారి. మేము వెనక గదిలో చేస్తున్నది అదే. దసరా అయ్యాక అమ్ముతామన్నది అందుకే. అమ్మేటప్పుడు పాత బిళ్ల తీసేసి కొత్త బిళ్లకి అంటించి ఇస్తాం. మేం చేశాం కదా అని మీరు మానేయకండి. మీరు కూడా ఒకసారి చేయండి. డిప్ నీళ్లు ట్యాంక్‌లో ఒక్క చుక్క పోయొద్దు. వేరే టబ్‌లో కడిగి పెట్టండి.

జోవాల దగ్గర మాత్రం హాస్యం వద్దు. వాటిలో, ముఖ్యంగా పాలీథోవా రకాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ప్రపంచంలో బాగా ఘాటైన విషాల్లో అదొకటి. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు లేకుండా జోవా ఫ్రాగ్ కోయకండి, గీకకండి. చేతి మీద కోత ఉంటే అసలు ముట్టుకోవద్దు. అన్నిటికంటే ప్రమాదం ఏంటంటే, జోవాలు పట్టిన రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో ఉడకబెట్టడం. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. చిన్నపిల్లలు ట్యాంక్‌లో చెయ్యి పెట్టే ఇల్లయితే మష్రూమ్‌లు, లెదర్‌తో మొదలుపెట్టండి. జోవాలు ఇవ్వమని పట్టుబట్టకండి.

ఇంటికి తీసుకెళ్లడం పెద్ద కథ కాదు. బొబ్బిలి, పార్వతీపురం, పలాస దాకా వెళ్లేవాళ్లకి థర్మాకోల్ పెట్టెలో కట్టి ఇస్తాం. ఎండ పొద్దున బస్సు కిటికీ పక్కన పెట్టకుండా ఉంటే చాలు. ఇంటికెళ్లాక కవర్ పావుగంట, ఇరవై నిమిషాలు ట్యాంక్‌లో తేలనివ్వండి. కవర్ విప్పాక గంటలకొద్దీ చుక్కచుక్క నీళ్లు కలుపుతూ కూర్చోకండి. మూత విప్పగానే కవర్ నీళ్లలో పీహెచ్ పెరిగి, పేరుకున్న అమ్మోనియా విషంగా మారుతుంది. డిప్ చేయండి, కడగండి, పెట్టేయండి. అంటించడానికి జెల్ రకం సూపర్ గ్లూ వాడండి, పల్చటిది నీళ్లలో తెల్లగా తెట్టు కడుతుంది. మష్రూమ్‌లు కింద, నీళ్ల వేగం తక్కువ ఉన్నచోట. లెదర్ మధ్యలో, కాస్త ఊగే చోట. జీనియా, కెన్యా ట్రీ మాత్రం మిగతా రాళ్లకి దూరంగా విడి రాయి మీద పెట్టండి, లేకపోతే ఏడాదికి ట్యాంకంతా వాటిదే. లెదర్ నీళ్లలోకి రసాయనాలు వదులుతుంది కాబట్టి యాక్టివేటెడ్ కార్బన్ ఒక సంచి వేసి ఉంచండి. లైట్ మొదటి రోజే ఫుల్ పెట్టకండి. ముప్పై, నలభై శాతంతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి.

తర్వాత చేయి పెట్టకండి. జోవాలు రెండు మూడు రోజులు ముడుచుకునే ఉండొచ్చు. టోడ్‌స్టూల్ లెదర్ అయితే వారం పైన ముడుచుకుని, ఒంటి మీద మైనం పూసినట్టు మెరుస్తుంది. చచ్చిపోయిందని అనుకుంటారు. అది పాత పొర వదిలిస్తోంది, అంతే. పొర ఊడాక మళ్లీ పాలిప్‌లు విచ్చుకుంటాయి. నిజంగా పోతున్న కోరల్ అయితే కండ కరిగి, జిగురుగా అయి, కుళ్లు వాసన కొడుతుంది. అప్పుడు వెంటనే తీసేయాలి. తేడా తెలియకపోతే ఫొటో పంపండి, లైట్ తెల్లగా పెట్టి తీయండి. నీలం లైట్‌లో తీసిన ఫొటో చూసి నేనేం చెప్పలేను.

ఇంట్లో దోమల స్ప్రే కొట్టేటప్పుడు, వీధిలో మున్సిపాలిటీ పొగ బండి వచ్చినప్పుడు ఎయిర్ పంప్ కాసేపు ఆపి ట్యాంక్ మూసేయండి. కరెంటు పోతే వేవ్‌మేకర్ (నీళ్లు కదిలించే మోటార్) ఒక్కటైనా ఇన్వర్టర్ మీద తిరగాలి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో ఎన్ని రోజులు కరెంటు లేదో అక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తుఫాను రోజులు ముందే ఉన్నాయి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

ధరలు: మష్రూమ్ ఫ్రాగ్ 600 నుంచి, కెన్యా ట్రీ 700, లెదర్ సైజుని బట్టి 1,200 నుంచి. జోవాల లెక్క పాలిప్‌ల సంఖ్యని బట్టి. వేరే ఊళ్లలో ఇంతకంటే తక్కువకి దొరుకుతాయి, కాదనను. మా ధరలో డిప్‌లు, వారాల తరబడి ఉంచినందుకు అయిన కరెంటు, ఈలోపు పోయిన ఫ్రాగ్‌ల ఖర్చు కలిసి ఉంది. గ్యారంటీ వారం రోజులు. అదీ కొనేముందు నీళ్లు చూపించినవాళ్లకే, కోరల్ పోతే అదే రకం ఇంకొకటి ఇస్తాం, డబ్బు వెనక్కివ్వం.

తొలేళ్లు, సిరిమాను రెండు రోజులూ షాపు మూత. గంటస్తంభం వైపు ఆ జనంలో మీరు రాలేరు, నేనూ తీయలేను. బుధవారం సాయంత్రం ఐదు నుంచి నీళ్ల పరీక్షలు మొదలు. శుభ్రమైన సీసాలో పావు లీటరు ట్యాంక్ నీళ్లు, విడిగా ఇంకో సీసాలో మీ ఆర్వో నీళ్లు తెండి. ట్యాంక్ పెట్టిన తేదీ, మీ లైట్ పేరు కాగితం మీద రాసి తెస్తే ఇద్దరికీ టైమ్ కలిసొస్తుంది.